మూల గుండ్రం చేయడం కంప్యూటరుకు ఎట్ల వచ్చింది

ఇయ్యాల సెలవు కదా, పోస్టు కొంచెం పెద్దదే.

టెర్రస్ మీద వాటర్‌ప్రూఫింగ్ షీటు వేసే ముందు, గోడా స్లాబూ కలిసే మూలలో మనం సిమెంటు మాలు పెట్టి, సీసాతో రుద్ది గుండ్రం చేస్తం. నిక్కచ్చి మూలకు షీటు సరిగ్గా కూర్చోదు, మడత దగ్గర పగులుతది. ఈ గుండ్రాన్నే ఫిల్లెట్ అంటరు. మన మేస్త్రీకి ఇది చేతికి వచ్చిన పని. కంప్యూటరుకు నేర్పడానికి మాత్రం పెద్ద చదువులవాళ్ళకు ఏళ్ళు పట్టింది.

1963లో అమెరికాలోని ఎంఐటీలో ఐవాన్ సదర్లాండ్ స్కెచ్‌ప్యాడ్‌తో తెర మీద గీతలు గీసి చూపించారు. అవి గీతలే, వస్తువు కాదు. 1970ల మొదట్లో ఇంగ్లండులో, కేంబ్రిడ్జ్ యూనివర్సిటీలో చార్లెస్ లాంగ్ నడిపే గ్రూపులో ఇయాన్ బ్రెయిడ్ 'బిల్డ్' అనే ప్రోగ్రాం తయారుచేశారు. దిమ్మెకు దిమ్మె కలపడం, దిమ్మెలోంచి రంధ్రం తీయడం అందులో కుదిరింది. ఆ గ్రూపు వాళ్ళే 1974లో షేప్ డేటా అనే కంపెనీ పెట్టారు. 1978లో రోములస్ వచ్చింది, తర్వాత పారాసాలిడ్. ఇప్పటి సాలిడ్‌వర్క్స్ లోపల నడిచేది ఆ పారాసాలిడే.

కలపడం అయితే వచ్చింది గానీ, కలిపిన చోట అంచు కత్తిలాగా మిగిలింది. దానికి దొరికిన ఉపాయం బంతి. రెండు గోడలకూ తగిలేటట్టు మూలలో ఒక బంతి పెట్టి, ఆ మూల పొడుగునా దొర్లించాలి. ఇటు తగిలిన గీత నుంచి అటు తగిలిన గీత దాకా బంతి గీసిన వంపే ఫిల్లెట్. మన సీసా చేసేదీ అదే కదా!

రెండు చదును గోడలైతే లెక్క సులువు, పైపులో నాలుగో వంతు వస్తది. స్లాబు మీద గుండ్రటి పిల్లర్ అయితే గారె అంచు లాంటి వంపు. పైపుకు పైపు అతికితే మాత్రం అతుకే వంకర తిరుగుతది, అక్కడ తయారు సూత్రం లేదు, కొంచెం కొంచెంగా లెక్క కట్టుకుంటూ పోవాలి. మూడు అంచులు ఒక్కచోట కలిసి, మూడింటి గుండ్రాలు వేరైతే ఇంకా చిక్కు. బంతికి చోటు చాలకపోతే ఇప్పటికీ ప్రోగ్రాం ఎర్రర్ ఇచ్చి కూర్చుంటది.

1988లో ప్రో ఇంజనీర్ వచ్చాక గుండ్రం ఒక నంబరు అయింది. నంబరు మారిస్తే మోడల్ తనే మారుతది.

అయినా మన సైట్లకు వచ్చే మోడళ్ళలో చాలాసార్లు ఫిల్లెట్ వదిలేస్తరు, ఫైలు బరువైతదని. వదిలేస్తే ఆ మాలు లెక్కలోకి రాదు. లీకేజీ అయినప్పుడు మాత్రం అడిగేది మనల్నే. అందుకే మేము మోడల్ తెరవగానే ముందు మూలలు చూస్తున్నం. ఫిల్లెట్ లేకపోతే, షీటు వేయకముందే ఆర్‌ఎఫ్‌ఐ రాయించి సంతకం తీసుకుంటున్నం.