చౌధరి త్రాహి, దివాణం అర్జీ

నందిగాం, టెక్కలి, పలాస 1936 దాకా గంజాం జిల్లాలో ఉండేవి. తెలుగు క్రైస్తవ వాగ్గేయకారుల్లో పెద్దవాడైన పురుషోత్తమ చౌధరిది కూడా ఈ సీమే. 1803లో బెంగాలీ మూలాలున్న బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, 1833లో కటకంలో బాప్తిస్మం తీసుకున్నాడు. ఆయన ‘త్రాహిమాం క్రీస్తు నాథ’ పాటను ఇప్పటికీ క్రైస్తవ గుళ్లలో పాడతారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాటల నెత్తిన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. కింద పల్లవి, చరణాలు. దేవుణ్ణి దయ చూడమని వేడుకోవడానికి ఆయనకు తెల్లదొరల బాణీ అవసరం పడలేదు. అలాగని ఇది పేరు మార్చిన భజన కీర్తన అనుకుంటే పొరపాటు. శరణు వేడటం రామదాసుకూ ఉంది, నిజమే. కానీ చౌధరి కోరే దయకు ఆధారం సిలువ; దాని వెనక సువార్తలు పెట్టిన ఒక షరతు కూడా ఉంది. దాని సంగతి తర్వాత.

అంతకంటే గట్టి ఆక్షేపణ వేరే ఉంది. టెక్కలి, పర్లాకిమిడి, మందస జమీందారీల్లో రైతు ఎలాగూ దివాణం ముందు చేతులు కట్టుకు నిలబడేవాడు. గుడిలోనూ అదే భంగిమ నేర్పితే బానిసత్వం ముదరదా? 1940లో మందస జమీందారీ రైతు పోరాటంలో పోలీసు కాల్పులకు బలైన వీర గున్నమ్మను తలచుకుంటే ఈ ప్రశ్నను తోసిపుచ్చలేం. అయితే దివాణంలో దయ దొర మనసునుబట్టి ఉండేది, పైగా అడిగేవాడు ఎప్పుడూ రైతే. బైబిల్లోని యాభై ఒకటో కీర్తనలో కరుణించమని మొరపెట్టేది దావీదు. అతను సాక్షాత్తూ రాజు, అదీ తప్పు చేసిన రాజు. దయ అడిగే ఈ వరుసలో రైతు వెనక జమీందారూ నిలబడాల్సిందే. బోధకులు ఎప్పుడూ ఈ మాట ఇంత సూటిగా చెప్పారని కాదు. ప్రార్థనలో మాత్రం ఉంది.

ఇక షరతు. మత్తయి సువార్త పద్దెనిమిదో అధ్యాయంలో ఒక దాసుడికి రాజు పదివేల తలాంతుల కొండంత అప్పు మాఫీ చేస్తాడు. వాడు బయటికొచ్చి, కేవలం నూరు దేనారాలు బాకీపడ్డ తోటి దాసుడి గొంతు పట్టుకుంటాడు, చెరసాలలో వేయిస్తాడు. సంగతి తెలిసిన రాజు మాఫీ రద్దు చేసి, వాణ్ణి బాధపెట్టేవారికి అప్పగిస్తాడు. శిస్తు బకాయీ, వడ్డీ తెలిసిన ఊళ్లలో ఈ కథకు వ్యాఖ్యానం అక్కర్లేదు. దయ చూపమని అడిగినవాడి చేతిలో ఇంకొకరి ప్రామిసరీ నోటు ఉంటే, ఆ ప్రార్థన ముందుగా ఆ నోటు గురించే అడుగుతుంది.