తొలిరోజుల సాక్ష్యం

మహమ్మారి తగ్గిన పిమ్మట తీరికగా రాసే చరిత్ర ఒక ఎత్తు. అది గడప తొక్కిన తొలిరోజుల్లో జనులు చూచి చెప్పిన మాట మరొక ఎత్తు. మొదటిదానిలో అన్నిటికీ సమాధానాలుంటాయి. రెండవదానిలో తెలియనిదే ఎక్కువ. చరిత్ర విద్యార్థికి ఆ తెలియనితనమే అమూల్యమని నా అభిప్రాయం. మా మూసాపేట చుట్టుపక్కలనే ఇందుకు రెండు దృష్టాంతాలున్నాయి.

మొదటిది 2009 నాటిది. న్యూయార్కు నుండి దుబాయి మీదుగా మే 13న హైదరాబాదు చేరిన ఒక ప్రయాణికునికి స్వైన్ ఫ్లూ సోకినట్లు మే 16న నిర్ధారణ అయింది. దేశంలో అదే మొదటి కేసు. అతనికి చికిత్స జరిగినది ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రిలో; మూసాపేట నుండి ఇప్పటి మెట్రోలో అది రెండవ స్టేషను. వ్యాధి పేరులో పంది ఉన్నందున పందిమాంసం తింటే సోకుతుందేమోనని లోకం జంకింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏప్రిల్ చివరనే ఆ పేరు మాని హెచ్1ఎన్1 అనసాగింది.

రెండవది 2020 నాటిది. దుబాయి వెళ్ళి వచ్చిన యువకునికి కరోనా సోకిందని మార్చి 2న వెల్లడైంది. తెలంగాణలో అదే తొలి కేసు. రెండు రోజులకే, మార్చి 4న, మాదాపూరు మైండ్‌స్పేస్‌లో ఒక ఉద్యోగికి వ్యాధి ఉన్నదన్న అనుమానంతో అక్కడివారిని ఇళ్ళకు పంపివేశారు. నమూనా పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థకు వెళ్ళింది. మరునాడు ఫలితం వచ్చింది: వ్యాధి లేదు!

ఇప్పుడు ఆలోచించండి. "మార్చి 4న ఉద్యోగులు సంచులు సర్దుకొని వెళ్ళిపోవడం చూచాను" అన్న మాట నిజం. "మైండ్‌స్పేస్‌కు కరోనా వచ్చింది" అన్న మాట నిజం కాదు. మొదటిది ప్రత్యక్షం, రెండవది అనుమానం. తర్కశాస్త్రం ఈ రెంటినీ వేర్వేరు ప్రమాణాలుగా ఎందుకు చెప్పిందో ఆ ఒక్క రోజు చాలు బోధపరచడానికి. ఆ రాత్రంతా వ్యాధిగ్రస్తులుగా లోకం నోట నలిగిన ఆ ఒక్క ప్రాణికి ఈ భేదం శాస్త్రచర్చ కాదు.

సంస్కృతంలో 'వదంతి' అంటే 'చెబుతున్నారు' అని అర్థం. ఎవరు చెబుతున్నారో ఆ మాటలో లేదు. కోడిమాంసంతో కరోనా వస్తుందన్న వదంతికి కోళ్ళ రైతులు కుదేలయ్యారు; 2020 ఫిబ్రవరి 28న మంత్రులు హైదరాబాదులో వేదికపై కోడిమాంసం తిని చూపవలసి వచ్చింది.

ఆప్తవాక్యమూ తొలిరోజుల్లో నిలకడగా ఉండదు. ఆరోగ్యవంతులకు మాస్కు అక్కరలేదన్న కేంద్ర ఆరోగ్యశాఖే, ఏప్రిల్ మొదటివారంలో, ఇంట కుట్టినదైనా కట్టుకొని బయటికి రమ్మన్నది. దీనిని మోసమనరాదు; తెలిసినకొద్దీ మాట మారింది. అయితే ఏ మాట ఏనాటిదో తేదీ లేకపోతే, రేపటి పాఠకునికి రెండూ అబద్ధాలుగానే తోస్తాయి.

కావున మిత్రులారా, మీ ఊరి తొలివారాన్ని జ్ఞాపకమున్నంత మేర రాసిపెట్టండి. తేదీ వేయండి. చూచినది వేరుగా, విన్నది వేరుగా పెట్టండి. అప్పుడు తెలియనిదానిని ఇప్పటి తెలివితో పూడ్చకండి.