బండి తుమ్మిందా, పేలిందా?
(కార్బ్యురేటర్ నుంచి కంప్యూటర్ దాకా ఒక శబ్దం కథ)

మన సంఘం ప్రత్యేక సంచికకు వర్క్‌షాపు రోజుల గురించి ఏదైనా రాసి ఇమ్మని కార్యదర్శిగారు అడిగారు. చేతికి గ్రీజు అంటడమే గాని సిరా అంటడం నాకు అలవాటు లేదు. అయినా ఒక శబ్దం గురించి మాత్రం రాయగలననిపించింది. పెట్రోలు బండి నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి తుపాకి పేలినట్టు "ఢాం" అంటుందే, ఆ శబ్దం. 1972లో మెకానిక్‌గా చేరిన నాటినుంచి 2008లో ఫోర్‌మన్‌గా రిటైరయ్యేవరకు దాని కారణం వెతకడం నా ఉద్యోగంలో ఒక భాగం. ఈ యాభై ఏళ్లలో ఆ వెతికే పద్ధతి ఎంత మారిందో, ఎంత మారలేదో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం. దానితోపాటు నేను ఎన్నడో చెప్పవలసి ఉండి చెప్పని మాట కూడా ఒకటుంది.

నేను చేరేనాటికి మన షెడ్డులో ఎక్కువగా ఉన్నవి అంబాసిడర్లు, పెట్రోలు జీపులు. అన్నిటికీ కార్బ్యురేటరే. ఒక పాలు పెట్రోలు పూర్తిగా కాలడానికి బరువులో సుమారు 14.7 పాళ్ల గాలి కావాలి. ఆ రెండూ కలిపే పని కార్బ్యురేటర్‌ది. ఆ మిశ్రమానికి సరైన క్షణంలో నిప్పు అందించే పని డిస్ట్రిబ్యూటర్‌ది. నాలుగు సిలిండర్లకు 1-3-4-2 వరుసలో నిప్పురవ్వ వెళ్లాలి. అంబాసిడర్‌లో పాయింట్ల మధ్య సందు అంగుళంలో వెయ్యింట పదిహేనో వంతు. ఫీలర్ గేజ్ పెట్టి చూసేవాళ్లం. అనుభవం ఉన్నవాళ్లు చేతి పట్టును బట్టే చెప్పేసేవారు.

శబ్దం చేసే బండి వస్తే మా పెద్ద మేస్త్రీ మొదట బానెట్ ఎత్తేవారు కాదు. డ్రైవర్ని పిలిచి, "బండి తుమ్మిందా, పేలిందా?" అని అడిగేవారు. తుమ్మడమంటే ముందువైపు, కార్బ్యురేటర్‌లోంచి మంట వెనక్కి తన్నడం. పేలడమంటే కాలకుండా బయటికి పోయిన మిశ్రమం సైలెన్సర్‌లో అంటుకోవడం. తుమ్మితే మిశ్రమంలో పెట్రోలు తక్కువైందనో, టైమింగ్ తప్పిందనో, లోపలికి గాలి తీసుకునే వాల్వు సరిగా మూసుకోవడం లేదనో అనుమానం. పేలితే ఏదో సిలిండర్‌కు నిప్పు అందడం లేదనో, పెట్రోలు ఎక్కువ పోతోందనో, సైలెన్సర్ గొట్టంలో ఎక్కడో గాలి చొరబడుతోందనో అనుమానం. ఆ తర్వాత రెండో ప్రశ్న: "ఎప్పుడు?" చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? ఎత్తు ఎక్కేటప్పుడా, యాక్సిలరేటర్ మీదనుంచి కాలు తీసినప్పుడా? ఈ రెండు ప్రశ్నలతో సగం రోగం తేలిపోయేది.

ఆ పాఠం నేర్చుకున్న నేనే 1983 వానాకాలంలో దాన్ని మరిచిపోయాను. ఒక అధికారిగారు తెల్లవారుజామున క్యాంపుకు బయల్దేరారు. దారిలో అంబాసిడర్ మూడుసార్లు పేలి, సైలెన్సర్ అతుకు దగ్గర విచ్చుకుపోయింది. బండిని షెడ్డుకు తెచ్చారు. "వాన పడ్డ పొద్దుటి పూటే మిస్సింగ్ కొడుతోందండీ, ఎండెక్కితే సర్దుకుంటోంది" అని డ్రైవరుగారు స్పష్టంగా చెప్పారు. నేను కొత్త సైలెన్సర్ వేయించి, మధ్యాహ్నం మంచి ఎండలో పది మైళ్లు నడిపి చూశాను. ఏ శబ్దమూ లేదు. ఆ రోజుల్లో కొందరు డ్రైవర్లు దిగుడులో బండి గేరులో ఉండగానే ఇగ్నిషన్ ఆపేసి పెట్రోలు మిగిల్చేవారు. అలా ఆపినంతసేపు కాలని మిశ్రమం సైలెన్సర్‌లో చేరుతుంది. మళ్లీ తాళం తిప్పగానే పేలుతుంది. అదే జరిగి ఉంటుందని నేను అనుకున్నాను. అనుకున్నదాన్నే "వాహనములో లోపము లేదు, నడుపుటలో అజాగ్రత్త కావచ్చును" అని రిపోర్టులో రాశాను.

ఆ ఒక్క వాక్యం మీద ఆయనకు మెమో వెళ్లింది. సైలెన్సర్ ఖరీదు జీతంలోంచి రికవరీ చేశారు. ఒక ఇంక్రిమెంటు ఏడాదిపాటు ఆపి, సర్వీసు పుస్తకంలో ఎక్కించారు.

రెండు నెలల తర్వాత అదే బండి, వేరే డ్రైవరు, ముసురు పట్టిన పొద్దు, మళ్లీ అదే శబ్దం. ఈసారి ఎండదాకా ఆగకుండా చీకటిగా ఉన్న షెడ్డులోనే ఇంజన్ స్టార్ట్ చేసి బానెట్ ఎత్తి చూశాను. డిస్ట్రిబ్యూటర్ మూత మీద సన్నని నీలి వెలుగు పాకుతోంది. మూత విప్పితే లోపల వెంట్రుక మందాన పగులు, దాని వెంట నల్లని బొగ్గు గీత. తేమ తగలగానే ఒక సిలిండర్‌కు పోవలసిన కరెంటు ఆ గీత మీదుగా పక్క సిలిండర్ వైరుకు దాటిపోతోంది. నిప్పు అందని సిలిండర్ మిశ్రమం అలాగే సైలెన్సర్‌లోకి పోయి పేలుతోంది. ఎండలో మూత ఆరితే అంతా మామూలే. డ్రైవరుగారు చెప్పింది అక్షరాలా నిజం. నేను మూత మార్చి, జాబ్ కార్డులో "మూత మార్చడమైనది" అని మాత్రం రాశాను. పాత రిపోర్టు తప్పని రాయలేదు.

ఇక కార్బ్యురేటర్ కథ ఎలా ముగిసిందో చెబుతాను. పెట్రోలును కొలిచి చిమ్మే ఇంజెక్షన్ పద్ధతి మనకు కొత్తగా కనిపించినా ప్రపంచానికి పాతదే. 1954లో వచ్చిన మెర్సిడెస్ 300 ఎస్‌ఎల్ కారులో యంత్రంతో నడిచే ఇంజెక్షన్ ఉంది. 1967లో బాష్ కంపెనీ ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ ఫోక్స్‌వ్యాగన్ 1600 కారుకు వచ్చింది. 1976లో వోల్వో కార్లలో ఆక్సిజన్ సెన్సర్ పెట్టారు. కాలిన పొగలో మిగిలిన ఆక్సిజన్ ఎంతో చూసి మిశ్రమం సరిగా ఉందో లేదో ఇంజన్ కంప్యూటర్‌కు కబురు చెప్పేది అదే. మన దేశంలో 1983 డిసెంబరులో రోడ్డెక్కిన మారుతి 800 కూడా కార్బ్యురేటర్ బండే. 1995 ఏప్రిల్ నుంచి నాలుగు మహానగరాల్లో కొత్త పెట్రోలు కార్లకు కెటలిటిక్ కన్వర్టర్, దానికోసం సీసం లేని పెట్రోలు వచ్చాయి. 1999లో సుప్రీంకోర్టు ఢిల్లీ ప్రాంతానికి పొగ నిబంధనలు కఠినం చేసింది. 2000 నుంచి దేశమంతటా నిబంధనలు బిగిశాయి. వాటికి కార్బ్యురేటర్ తట్టుకోలేకపోయింది. బండి తనలోని లోపాన్ని తానే పసిగట్టి నెంబరు రూపంలో దాచుకునే ఏర్పాటు అమెరికా కార్లన్నిటికీ 1996లో వస్తే, మనకు 2010లో మొదలై 2013లో పూర్తి స్థాయికి చేరింది. అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది.

మరి శబ్దం ఆగిపోయిందా? లేదు. ఈ మధ్య మా అబ్బాయి కారు, యాక్సిలరేటర్ మీదనుంచి కాలు తీయగానే వెనకనుంచి పేలాలు వేగినట్టు టపటపమనడం మొదలుపెట్టింది. డాష్‌బోర్డు మీద ఇంజన్ దీపం కూడా వెలిగింది. షాపులో కుర్రవాడు స్కానర్ తగిలించాడు. పి 0171 అని వచ్చింది. మిశ్రమంలో గాలి ఎక్కువైందని దాని అర్థం. అతను ఆక్సిజన్ సెన్సర్ పోయిందన్నాడు. వేల రూపాయలు పెట్టి మార్పించారు. వారం తిరక్కుండా దీపం మళ్లీ వెలిగింది, శబ్దం ఉండనే ఉంది.

అప్పుడు మావాడు నన్ను అడిగాడు. నేను మా మేస్త్రీ ప్రశ్నలే వేశాను. ముందా, వెనకా? వెనక. ఎప్పుడు? పొద్దున చల్లటి ఇంజన్ మీద ఎక్కువ, ఊరు దాటి వేడెక్కాక తక్కువ. మర్నాడు తెల్లారి చల్లటి ఇంజన్ స్టార్ట్ చేయించి చెవి పెట్టి విన్నాను. "టిక్ టిక్"మని సన్నని చప్పుడు. ఇంజన్‌కు పొగ గొట్టం కలిసే చోట గాస్కెట్ పక్కన నల్లని మసి మరక. గాస్కెట్ కాలి సందు ఏర్పడింది. పొగ దెబ్బ దెబ్బకూ బయటికి పోతూ, మధ్యలో బయటి గాలిని లోపలికి పీలుస్తోంది. ఇంజన్ వేడెక్కి లోహం వ్యాకోచిస్తే సందు తగ్గుతోంది. ఆ బయటి గాలిని చూసి సెన్సర్ "గాలి ఎక్కువైంది" అని చెబుతోంది. కంప్యూటర్ నమ్మి పెట్రోలు పెంచుతోంది. ఆ ఎక్కువైన పెట్రోలు గొట్టంలో చొరబడిన గాలితో కలిసి అక్కడ పేలుతోంది. సెన్సర్ అబద్ధం చెప్పలేదు. తన ముందుకు వచ్చినదాన్ని చెప్పింది, అంతే. గాస్కెట్ మార్చాక శబ్దమూ పోయింది, దీపమూ ఆరింది.

ఇంజెక్షన్ కార్లున్న మన సభ్యులకు, పిల్లలకు రెండు మాటలు. శబ్దం ముందువైపునుంచి వస్తే గాలి గొట్టాల్లో పగుళ్లు, పెట్రోలు పంపు ఒత్తిడి, టైమింగ్ బెల్టు పన్ను జారడం చూపించండి. వెనకనుంచి వస్తే ప్లగ్గులు, కాయిల్స్, కారే ఇంజెక్టర్, గాస్కెట్ చూపించండి. స్కానర్ నెంబరు ఎక్కడ వెతకాలో చెబుతుంది గాని ఏ పార్టు మార్చాలో చెప్పదు. ఇంజన్ దీపం నిలకడగా వెలిగితే త్వరలో చూపించుకోవచ్చు. ఆరుతూ వెలుగుతూ ఉంటే మాత్రం బండి పక్కన ఆపేయండి. కాలని పెట్రోలు కెటలిటిక్ కన్వర్టర్‌లో మండి దాన్ని కరిగించేస్తుంది. ఆ ఖర్చు మన పెన్షన్ తట్టుకోలేదు.

ఆ షాపు కుర్రవాడి మీద మావాడికి కోపం వచ్చింది. నాకు రాలేదు. అతను స్కానర్‌ను నమ్మి, బండి నడిపేవాణ్ణి అడగలేదు. 1983లో నేను ఎండలో నడిపిన పది మైళ్లను నమ్మి, చెప్పినవాణ్ణి నమ్మలేదు. అతని తప్పుకు మాకు కొన్ని వేలు పోయాయి. నా తప్పుకు ఒక మనిషి సర్వీసు పుస్తకంలో మచ్చ పడింది. ఆ తర్వాత కూడా ఆయన నన్ను ఎప్పుడు చూసినా "బాగున్నారా మేస్త్రీగారూ" అని పలకరించేవారు. నిజం తెలిసిన నేను చెప్పలేకపోయాను. మొదట పైవాళ్ల భయం, తర్వాత మొహమాటం, ఆ తర్వాత ఆయనే లేకుండా పోయారు.

ఆయన కుటుంబానికి ఫ్యామిలీ పెన్షన్ వస్తోంది. కాబట్టి ఈ సంచిక వాళ్లింటికీ వెళ్తుంది. పేరు రాయడం లేదు, వాళ్లకు తెలుస్తుంది. అమ్మా, ఆ రోజు మీవారు చెప్పిందే నిజం. లోపం బండిదే, తప్పు నా రిపోర్టుది. సర్వీసు పుస్తకంలో దిద్దలేనిదాన్ని ఇక్కడ దిద్దుకుంటున్నాను. నన్ను క్షమించండి.