నానమ్మను ఎవరు విడదీశారు?

విడాకుల చరిత్రను మనం భార్యాభర్తల చరిత్రగానే చదువుకుంటూ వచ్చాం. తల్లి పుట్టింటికి చేరితే పద్నాలుగేళ్ల కూతురికి అమ్మమ్మ మరింత దగ్గరవుతుంది. నానమ్మ మాత్రం ‘అవతలి పక్షం’ అయిపోతుంది. ఈ విభజనలో చట్టం పాత్ర ఎంత?

1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం, తెలివిగా ఎంచుకోగల వయసొచ్చిన మైనర్ల ఇష్టాన్ని కోర్టు లెక్కలోకి తీసుకోవచ్చంది. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం తండ్రిని సహజ సంరక్షకుడిని చేసి, తల్లిని అతని ‘తర్వాత’ నిలబెట్టింది. ఐదేళ్లు నిండని బిడ్డ మాత్రం మామూలుగా తల్లి దగ్గరే ఉండాలంది. అంటే చాకిరీ ఆమెది, అధికారం అతనిది. రచయిత్రి గీతా హరిహరన్ కేసులో 1999లో సుప్రీంకోర్టు ఆ ‘తర్వాత’ అంటే తండ్రి చనిపోయాకనే కాదు, అతను పట్టించుకోనప్పుడు కూడా అని చెప్పడానికి 43 ఏళ్లు పట్టింది.

ఈ పోరులో అమ్మమ్మలు, నానమ్మలు ఎక్కడున్నారు? ‘పిల్లను చూసుకోవడానికి ఇంట్లో మా అమ్మ ఉంది’ అని తండ్రి చెప్పుకోగలడు. ఉద్యోగం చేసే తల్లీ అదే చెప్పుకోవాల్సి వస్తుంది. ముసలి స్త్రీల చాకిరీ వాదనకు బలమవుతుంది, వాళ్లతో పిల్లకున్న అనుబంధం మాత్రం విడిగా ప్రశ్న కాదు.

2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టంలో ‘పిల్లలు’ అన్న మాటలో మైనర్లు కాని మనవలూ మనవరాళ్లూ ఉన్నారు. పద్దెనిమిది నిండితే నానమ్మను పోషించే బాధ్యత మీద పడవచ్చు. పదిహేనేళ్లప్పుడు ఆమెను కలుసుకునే హక్కును మాత్రం ఈ చట్టాలేవీ పేరుపెట్టి ఇవ్వలేదు. ఫ్రాన్స్ 2002లోనే దాన్ని బిడ్డ హక్కుగా తన సివిల్ కోడ్‌లో రాసుకుంది.

ఇక్కడ మన భయం ఒకటుంది. అత్తింటి హింస నుంచి బయటపడ్డ స్త్రీని బిడ్డ వంకతో మళ్లీ ఆ గడపకు లాగుతారేమోనని. అది ఉత్త అనుమానం కాదు. అందుకే ఈ హక్కును తండ్రి వంశానికి కాక, ఎదిగే పిల్లకు చెందినదిగా అడగాలి. నానమ్మ కూడా ఒకప్పుడు ఆ ఇంటికి కోడలిగా వచ్చిన మనిషే. ఆమె కథలూ, జబ్బులూ, జ్ఞాపకాలూ మనవరాలికి వారసత్వమే. ఆమెను కలవాలా వద్దా అన్నది ముందుగా ఆ పిల్లనే, ఇద్దరి ఎదుటా కాకుండా, ఒంటరిగా అడగాలి. వద్దంటే ఆ మాటా వినాలి.