కాంటెస్సా బోనెట్ కింద

మాది మరైగూడ. ఊరు బస్తర్‌లో ఉన్నా మందుకైనా, సినిమాకైనా, మెకానిక్ పనికైనా మేం దిగేది భద్రాచలమే. నేను పని నేర్చుకున్నదీ అక్కడే. షెడ్డులోకి కాంటెస్సా వస్తే మా మేస్త్రి బోనెట్ ఎత్తకముందే అడిగేవాడు, "ఏ ఇంజినురా?" అని. దాన్నిబట్టే సామాన్లు, కూలి, టైమూ చెప్పాలి.

ఆ కారు బాడీ ఇంగ్లండుది. వాక్సాల్ కంపెనీ 1972లో తెచ్చిన విక్టర్. అక్కడ 1978లో దాని ఉత్పత్తి ఆగిపోయింది. ఆ అచ్చులతో హిందుస్థాన్ మోటార్స్ 1984లో కాంటెస్సాను అమ్మకానికి పెట్టింది. సొంత గడ్డ మీద విక్టర్‌కు 1.8, 2.3 లీటర్ల ఇంజిన్లుండేవి. ఇక్కడ బిగించింది మాత్రం అంబాసిడర్‌దే, 1,489 సీసీది. బలం 50 గుర్రాలు. మనిషి చూస్తే పహిల్వాను, మెట్లెక్కితే ఆయాసం. నిండా జనంతో దర్భా ఘాటీ ఎక్కాలంటే గేరు దించుకుంటూ పోవాల్సిందే. మాకొక్కటే సుఖం: అంబాసిడర్ సామాను ఏ ఊళ్లోనైనా దొరికేది.

అది కంపెనీ పిసినారితనం ఒక్కటే కాదు. అప్పట్లో ఏ కొత్త ఇంజిన్ తేవాలన్నా లైసెన్సు కావాలి, విదేశీ ఒప్పందానికి ఢిల్లీ ఒప్పుకోవాలి. 1985లో మద్రాసు నుంచి వచ్చిన స్టాండర్డ్ 2000దీ అదే కథ. బాడీ రోవర్‌ది. ఇంగ్లండులో అందులో 3.5 లీటర్ల వీ8 కూడా దొరికేది. ఇక్కడ పడింది పాత వాన్‌గార్డ్ కారు ఇంజిన్. ఫియట్ 124 బాడీకి నిస్సాన్ ఇంజిన్ తగిలించిన ప్రీమియర్ 118 ఎన్‌ఈ కాస్త నయం.

కాంటెస్సాకు ఊపిరి జపాన్ ఇసుజుతో వచ్చింది. 1,817 సీసీ పెట్రోలు, 88 గుర్రాలు, అయిదు గేర్లు. అప్పుడు గానీ అది పరుగెత్తే కారనిపించలేదు. ఆ ఇంజిన్లు ఇండోర్ దగ్గర పీథంపూర్‌లో తయారయ్యేవి. రాష్ట్రం విడిపోయిన 2000 నవంబరు దాకా మేమూ మధ్యప్రదేశే కాబట్టి, మా రాష్ట్రపు ఇంజినే అనుకోవచ్చు! మరైగూడ దారికి మాత్రం ఆ కారు పనికొచ్చేది కాదు. మాకు జీపే దిక్కు.

తర్వాత 2 లీటర్ల ఇసుజు డీజిల్ వచ్చింది. పెట్రోలుదాని పికప్‌లో సగం కూడా లేదనేవాళ్లు డ్రైవర్లు. అయినా అద్దెకు తిప్పే ఓనర్లు దాన్నే అడిగేవాళ్లు. డీజిల్ రేటు అలాంటిది. నాజిళ్లు, పంపు పనితో మా చేతులు ఖాళీ ఉండేవి కావు.

1994లో మారుతి ఎస్టీమ్ వచ్చింది. 1.3 లీటర్లే, కానీ ఒళ్లు తేలిక, పెట్రోలు తక్కువ తాగేది. 2002లో కాంటెస్సా ఆగిపోయింది. ఇవాళ వర్టస్ లాంటి కారు కొనేవాళ్లు 1.0, 1.5 టర్బోల్లో ఏది కావాలో తామే తేల్చుకుంటారు. కాంటెస్సా కొన్నవాళ్లకు మొదట్లో ఆ పని లైసెన్సు చేసింది, తర్వాత బంకులో రేటు చేసింది. బాడీ కొత్తగా కనిపించిన రోజుల్లో ఇంజిన్ పాతది. ఇంజిన్ మంచిది దొరికేసరికి బాడీ పాతబడింది.