ఇద్దరు హెన్రీలు, ఇద్దరు థామస్‌లు

ఇంగ్లండు పటంలో వించెస్టర్ నుంచి కాంటర్‌బరీ దాకా, నార్త్ డౌన్స్ సుద్దకొండల వెంబడి, 'పిల్‌గ్రిమ్స్ వే' అని ఒక దారి ఉంటుంది. సుమారు 190 కిలోమీటర్లు. నేనుండే కెంట్ మీదుగానే పోతుంది. ఒక పక్క కొండ, ఇంకో పక్క పొలాలు, గొర్రెలు. నడిచేవాళ్లకి హాయైన దారి. కానీ పాతకాలపు యాత్రికులంతా ఇటే వెళ్లారంటే నమ్మకండి. ఈ పేరు పటాల్లో కుదురుకున్నది 19వ శతాబ్దపు సర్వే అధికారుల చలవతో. కవి చాసర్ తన కథల్లో లండన్ పొలిమేర సౌతార్క్ సత్రం నుంచి బయల్దేరదీసిన దాదాపు ముప్పైమందీ పట్టింది రోమన్ల కాలపు వాట్లింగ్ స్ట్రీట్. అదిప్పుడు చాలావరకు ఏ2 రోడ్డు. అసలు దారి లారీలపాలైంది, కొసరు దారి మా బోటి సోకు యాత్రికులకు మిగిలింది.

అంతమంది ఎవరికోసం వెళ్లారు? థామస్ బెకెట్ కోసం. ఇంగ్లండు రాజు రెండో హెన్రీకి మొదట ఛాన్సలర్, ప్రాణస్నేహితుడు. మన మనిషే కదా, చెప్పినట్టు వింటాడని రాజు 1162లో అతన్ని కాంటర్‌బరీ ఆర్చిబిషప్‌ను చేశాడు. ఆ కుర్చీలో కూర్చున్నాక బెకెట్ మారిపోయాడు. నేరం చేసిన మతాధికారిని రాజు కోర్టు శిక్షించాలా, చర్చి కోర్టా అన్న దగ్గర ఇద్దరికీ చెడింది. నిజం చెప్పాలంటే ఈ తగాదాలో నేను రాజు పక్షమే. అయితే 1170 డిసెంబర్ 29న నలుగురు నైట్‌లు కెథెడ్రల్‌లోకి చొరబడి బెకెట్‌ను నరికేశాక న్యాయాన్యాయాలు వినేవాళ్లు లేకపోయారు. మూడేళ్లు తిరిగేసరికి పోప్ అతన్ని సెయింట్‌గా ప్రకటించాడు. అతని రక్తం కలిపిందని చెప్పే నీళ్లను, మనం తిరుపతి లడ్డూ తెచ్చుకున్నట్టు, చిన్న చిన్న లోహపు కుప్పెల్లో ఇళ్లకు పట్టుకెళ్లేవారు.

1174లో రాజే దిగివచ్చాడు. ఊరి వెస్ట్‌గేట్ బయట సెయింట్ డన్‌స్టన్స్ చర్చి దగ్గర రాజవస్త్రాలు విప్పేసి, చెప్పుల్లేకుండా కెథెడ్రల్‌కు నడిచి, సమాధి ముందు సన్యాసుల చేత దెబ్బలు తిన్నాడు.

నడిచి వచ్చేవాళ్లు ఆ చిన్న చర్చిని దాటేసి పోతుంటారు. ఆగి చూడండి. థామస్ మోర్ తల ఉన్నది అక్కడే, రోపర్ కుటుంబపు భూగృహంలో. ఇతనూ ఛాన్సలరే, ఇతనూ రాజుకి స్నేహితుడే, కాకపోతే ఆ రాజు ఎనిమిదో హెన్రీ. చర్చికి రాజే అధిపతి అని ప్రమాణం చెయ్యనన్నందుకు 1535లో తల నరికించాడు. ఆ తలను రోపర్ల ఇంటి కోడలైన కూతురు మార్గరెట్ దక్కించుకుని దాచింది.

పాత హెన్రీ పడ్డ అవమానం కొత్త హెన్రీ మరిచిపోయినట్టు లేడు. 1538లో బెకెట్ సమాధి మందిరాన్ని పడగొట్టించి, బంగారం, రత్నాలు ఖజానాకు తరలించాడు. బెకెట్ సెయింటే కాదు, రాజద్రోహి అని ప్రకటించి, ప్రార్థనా పుస్తకాల్లోంచి పేరు కొట్టేయించాడు. రాళ్లు మాత్రం మిగిలాయి. మందిరానికి ఎక్కే మెట్లు యాత్రికుల మోకాళ్లకు, కాళ్లకు అరిగి గుంటలు పడి ఉన్నాయి.

ఇంగ్లండు చర్చికి ఇవాళ్టికీ పోప్ కాదు, రాజే అధిపతి. అయినా 1982లో పోప్ రెండో జాన్ పాల్ కాంటర్‌బరీ వచ్చి, బెకెట్ పడిపోయిన చోట, ఇక్కడి ఆర్చిబిషప్ రాబర్ట్ రన్సీతో కలిసి మోకరిల్లాడు.