ఇంటి నుంచి మొదలైన మర్యాద

అరీతా ఫ్రాంక్లిన్ ఆల్బం 'ఐ నెవర్ లవ్డ్ ఎ మ్యాన్ ద వే ఐ లవ్ యు' 1967 మార్చిలో వచ్చింది. నేను విన్నది చాలా ఏళ్లకి, హాస్టల్లో, అరువు క్యాసెట్టు మీద. మొదటి పాట 'రెస్పెక్ట్'. 1965లో ఓటిస్ రెడ్డింగ్ రాసి పాడినప్పుడు అది పని నుంచి ఇల్లు చేరిన మగోడు పెళ్లాన్ని అడిగే మర్యాద. అరీతా దాన్ని తిరగేసింది. అడిగేది ఆడమనిషయింది. ఆ మాటని అక్షరం అక్షరం విడగొట్టి మరీ అడిగింది. రెడ్డింగ్ పాటలో అది లేదు.

నాకు మా అమ్మ గుర్తొచ్చింది. పొలంలో ఆసాములకి ఆమె 'ఒసే'. ఇంట్లో మా నాయనకీ 'ఒసే'నే.

అరీతా అడిగింది ఇంటి మగోణ్ణి. పౌరహక్కుల కోసం కొట్లాడుతున్న నల్లజనం ఆ పాటని వీధిలోకి తెచ్చుకున్నారు. ఆత్మగౌరవం గురించి సభల్లో మాట్లాడే మనం, అది ముందు ఏ గడపలో అడిగిన పాటో మరవగూడదు.